పర్సు పోతే ముందు కోబాన్‌కి

చిన్నా,

అక్క ఆశీస్సులు. అమ్మకి, నాన్నకి నమస్కారాలు చెప్పు.

"అక్కడ రోడ్డు మీద పర్సు పడిపోయినా ఎవరూ ముట్టుకోరటగా" అని ఫోన్‌లో అడిగావు. ఎందుకు ముట్టుకోరు? తీస్తారు, తీసి పోలీసులకి ఇచ్చేస్తారు. ఏప్రిల్‌లో నువ్వు టోక్యోకి చదువుకి వస్తున్నావు కాబట్టి ఇదంతా వివరంగా రాస్తున్నాను. పర్సు పోగొట్టుకుంటే ఒక తంటా. దొరికిన పర్సు జేబులో వేసుకుంటే అంతకు పదింతల తంటా.

కోబాన్ అంటే వీధి మొగల్లో, రైల్వే స్టేషన్ల దగ్గర ఉండే చిన్న పోలీసు గది. గుమ్మం పైన ఎర్ర దీపం ఉంటుంది. లోపల ఎవరూ లేకపోతే గస్తీకి వెళ్ళారని అర్థం. బల్ల మీదున్న ఫోన్ ఎత్తితే పోలీస్ స్టేషన్ వాళ్ళు పలుకుతారు. దొరికిన పర్సు అక్కడ ఇస్తే దాన్ని నీ కళ్ళ ముందే విప్పుతారు. పదివేల యెన్ల నోట్లు ఎన్ని, వెయ్యివి ఎన్ని, చిల్లర ఎంత అని లెక్కపెట్టి రాసుకుంటారు. షాపుల పాయింట్ల కార్డులు కూడా వదలరు. ఎక్కడ, ఏ టైముకి దొరికిందో అడుగుతారు. అరగంట పట్టినా విసుక్కోకు. చివర్లో ఇచ్చే రసీదు జాగ్రత్తగా దాచుకో, డబ్బు తక్కువైందని రేపు ఎవరైనా అంటే నీకు అదే ఆధారం.

మధ్యలో రెండు ప్రశ్నలు వేస్తారు. దొరికినవాడిగా నీకున్న హక్కులు ఉంచుకుంటావా, వదులుకుంటావా? నీ పేరు, ఫోన్ నంబరు సొంతదారుకి చెప్పమంటావా? భాష సరిగా అర్థంకాక చాలామంది అన్నిటికీ "హాయ్, హాయ్" (జపనీస్‌లో "అవును, అవును") అనేస్తారు. అసలు ఏం అడుగుతున్నారో తెలుసుకుని జవాబివ్వు. హక్కు ఉంచుకుంటే సొంతదారు నీకు వస్తువు విలువలో 5 నుంచి 20 శాతం బహుమానం ఇవ్వాలని చట్టమే చెబుతోంది. అంటే పర్సులో 20,000 యెన్లుంటే వెయ్యి నుంచి నాలుగు వేల దాకా. రైల్లోనో షాపులోనో దొరికితే నీకు అందులో సగమే, మిగతా సగం ఆ రైలు కంపెనీకో షాపుకో పోతుంది. వస్తువు సొంతదారుకి చేరిన నెల లోపు అడగకపోతే ఆ బహుమానం రాదు. నన్నడిగితే వదులుకోవడమే హాయి. పేరు మాత్రం చెప్పమను, ఫోన్ చేసి థాంక్స్ చెబితే ఇద్దరికీ బాగుంటుంది.

గడువులు కూడా చూసుకోవాలి. వీధిలో దొరికినది 7 రోజుల లోపు పోలీసులకి, రైల్లోనో షాపులోనో దొరికినది 24 గంటల లోపు అక్కడి సిబ్బందికి ఇవ్వాలి, లేకపోతే ఈ హక్కులేవీ ఉండవు. మూడు నెలల దాకా సొంతదారు తేలకపోతే వస్తువు నీదవుతుంది. ఆరు నెలలని పాత పుస్తకాల్లో ఉంటుంది, 2007 డిసెంబరు నుంచి మూడే. ఆ తర్వాత రెండు నెలల్లో వెళ్ళి తెచ్చుకోకపోతే అదీ పోతుంది. ఐడీ కార్డులు, బ్యాంకు కార్డులు, ఫోన్లు మాత్రం ఎన్నాళ్ళైనా నీవి కావు.

ఇవ్వకుండా ఉంచుకుంటే ఇక్కడి శిక్షాస్మృతి 254వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు, లేదా లక్ష యెన్ల దాకా జరిమానా. పర్సు కంటే సైకిళ్ళ దగ్గరే మన పిల్లలు ఇందులో ఎక్కువ ఇరుక్కుంటారు. నెలల తరబడి దుమ్ముకొట్టుకుపోయి స్టేషన్ పక్కన పడి ఉంది కదా అని ఎవరిదో సైకిల్ ఎక్కితే అదీ ఈ నేరమే. పోలీసులు దారిలో ఆపి రిజిస్ట్రేషన్ నంబరు చూస్తారు. సొంతదారు పేరు నీది కాకపోతే నీ పని అయిపోయినట్టే.

ఇక నీ పర్సే పోతే, ముందు బ్యాంకుకి, క్రెడిట్ కార్డు వాళ్ళకి ఫోన్ చేసి కార్డులు ఆపించు. తర్వాత ఏ కోబాన్‌కైనా వెళ్ళి పోయినట్టు ఫారం రాయి. దాని నంబరు తప్పకుండా రాసుకో, అన్నిచోట్లా అదే అడుగుతారు. రైల్లో పోతే ఏ లైను, ఏ స్టేషన్లో ఎన్నింటికి దిగావు, ఎన్నో బోగీ, ఎన్నో తలుపు అని స్టేషన్ వాళ్ళకి చెప్పాలి. బోగీ నంబరు, తలుపు నంబరు తలుపు దగ్గరే స్టిక్కర్ మీద ఉంటాయి. ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. ఒక కంపెనీ రైలు మధ్యలో ఇంకో కంపెనీ పట్టాల మీదికి వెళ్ళిపోతుంది. హన్‌జోమోన్ లైను రైలు ఎక్కి నగరం మధ్యలో దిగిపోతావు, నీ పర్సు మాత్రం పక్క రాష్ట్రం లాంటి సైతామా దాకా వెళ్ళి అక్కడి వేరే కంపెనీ ఆఫీసులో కూర్చుంటుంది. నువ్వేమో ఆ లైను నడిపే టోక్యో మెట్రోనే అడుగుతూ ఉంటావు. అందుకని రైలు ఎక్కడిదాకా వెళ్తుందో ముందు కనుక్కో. టోక్యోలో పోలీసులకి చేరినవి చివరికి ఈదబాషిలో ఉన్న, పోయిన వస్తువుల కేంద్రానికి వెళ్తాయి.

తెచ్చుకోవడానికి ఐడీ చూపించాలి. ఐడీలన్నీ ఆ పర్సులోనే ఉంటే ఏం చూపిస్తావు? అందుకే పాస్‌పోర్ట్ ఇంట్లో పెట్టుకో. విమానాశ్రయంలో ఇచ్చే జైర్యూ కార్డు (ఇక్కడ ఉండటానికి అనుమతి కార్డు) మాత్రం ఎప్పుడూ ఒంటి మీద ఉండాలి, లేకపోతే 2 లక్షల యెన్ల దాకా జరిమానా. అది ఉంటే పాస్‌పోర్ట్ మోయక్కర్లేదు. ఆ కార్డే పోతే, పోయిందని తెలిసిన 14 రోజుల లోపు ఇమిగ్రేషన్ ఆఫీసులో కొత్తదానికి అప్లై చెయ్యాలి. 4×3 సెంటీమీటర్ల ఫోటో, పాస్‌పోర్ట్, పోలీసులకి చెప్పినట్టు ఆధారం కావాలి. ఫీజు లేదు. కొత్తది చేతికొచ్చాక పాతది దొరికితే వాడకు, తిరిగి ఇచ్చెయ్యి. రైలు కార్డు సుయికా నీ పేరు మీద తీసుకో. పేరు లేని కార్డు పోతే అందులో డబ్బు పోయినట్టే. పేరున్నదైతే మిగిలిన డబ్బుతో సహా కొత్తది ఇస్తారు.

ఇక్కడివాళ్ళేం దేవుళ్ళు కారు. గొడుగులు మారిపోతాయి, సైకిళ్ళు పోతాయి. టోక్యో పోలీసులకి 2019లో 40 లక్షలకు పైగా వస్తువులు అందాయి. గొడుగులే ఏటా లక్షల్లో వస్తాయి, కానీ వాటిలో సొంతదారుకి చేరేవి చాలా తక్కువ. తెచ్చి ఇచ్చేవాడి మంచితనం రెండింటికీ ఒకటే. పర్సు మీద పేరుంటుంది, గొడుగు మీద ఉండదు, అంతే. 2019లో వచ్చిన ఒక పరిశోధనలో 40 దేశాల్లో, 355 నగరాల్లో 17,000కు పైగా పర్సులు, దొరికాయని చెప్పి హోటళ్ళు, బ్యాంకుల లాంటి చోట్ల కౌంటర్లలో ఇచ్చి చూశారు. దాదాపు అన్నిచోట్లా డబ్బు లేని పర్సు కంటే డబ్బున్న పర్సే ఎక్కువ తిరిగొచ్చింది. తాళంచెవి ఉన్న పర్సు, అది లేనిదానికంటే ఎక్కువ తిరిగొచ్చింది. తాళంచెవి పరాయివాడికి దేనికీ పనికిరాదు, సొంతదారుకి మాత్రం అవసరం. అది ఆలోచించే మనుషులు అన్ని దేశాల్లోనూ ఉన్నారు. వాళ్ళకి నువ్వెవరో తెలియాలి కదా!

అందుకని చిన్న చీటీ మీద నీ పేరు ఇంగ్లీషులోనూ, కటకానాలోనూ (విదేశీ పేర్లు రాసే జపనీస్ లిపి), ఫోన్ నంబరు, ఈమెయిల్ రాసి పర్సులో పెట్టుకో. ఇంటి అడ్రసు వద్దు, తాళంచెవి కూడా అందులోనే ఉంటే దొంగకి దారి చూపించినట్టే. పిన్ నంబర్లు రాసిపెట్టే అలవాటు ఉంటే ఇప్పుడే మానుకో. కొత్తగా కొన్న ఫోన్‌లో నా నంబరు ఉంది సరే, బట్టీ కూడా పట్టు. పర్సూ ఫోనూ కలిసే పోతాయి.

పాస్‌పోర్ట్ మొదటి పేజీ, వీసా పేజీ రెండేసి జిరాక్సులు తీయించి ఒక సెట్టు నాన్న దగ్గర ఉంచు. ఫోటోలు నాకు పంపు. టికెట్ బుక్ చేశాక ఏ విమానాశ్రయమో చెప్పు, నరితా అయితే దూరం, నేను శెలవు పెట్టాలి.

ఉంటాను,
అక్క