చుండూరు విచారణకు కెమెరా లేదు, రేపటి విచారణలకైనా ఉంటుందా?

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ న్యాయశాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను డాక్యుమెంటరీ సినిమాలకు ఎడిటింగ్ చేస్తాను. ఊళ్లో జరిగిన హత్య కేసు విచారణ మీద మన భాషలో ఒక మంచి డాక్యుమెంటరీ ఎందుకు లేదని చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. మన కథాచిత్రాల్లో కోర్టు పది నిమిషాల పని. లాయరు బల్ల గుద్దుతాడు, దాక్కున్న సాక్షి ఆఖరి క్షణంలో తలుపు తోసుకుని వస్తాడు, జడ్జి గారు సుత్తి కొడతారు. (మన కోర్టుల్లో సుత్తి వాడరు. ఆ సంగతి కూడా సినిమాలు మనకు చెప్పలేదు.) అసలు విచారణ ఎలా ఉంటుందో తెలిసింది దానిలో నలిగినవాళ్లకే.

అప్పటి గుంటూరు జిల్లాలోని చుండూరునే తీసుకోండి. 1991 ఆగస్టు 6న అక్కడ ఎనిమిది మంది దళితులను వెంటాడి చంపారు. శవాలను గోనె సంచుల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో, కాలువలో పడేశారు. దానికి నెల ముందు గొడవ రాజుకున్నది సినిమా హాల్లోనే. ఒక దళిత యువకుడి కాలు ముందు కూర్చున్న అగ్రకులస్థుడికి తగిలిందన్నదే కారణం.

ఆ తర్వాత జరిగిన పోరాటంలో ఒక అసాధారణమైన కోరిక ఉంది. విచారణ తమ ఊళ్లోనే జరగాలని బాధితులు పట్టుబట్టారు. కూలికి వెళ్లకపోతే పూట గడవని మనిషి వాయిదా వాయిదాకూ పట్నం తిరగలేడు, తిరిగినా భయం లేకుండా నోరు విప్పలేడు. చివరికి కోర్టే చుండూరుకు వచ్చింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల (దౌర్జన్యాల) నిరోధక చట్టం కింద నేరం జరిగిన చోటే ప్రత్యేక కోర్టు కూర్చోవడం దేశంలో అదే మొదటిసారి. అయితే సాక్షులను పిలిచేసరికి 2004 చివరికొచ్చింది. హత్యల నాటి పసిపిల్లలు అప్పటికి పదో తరగతికి చేరువయ్యారు.

2007 జూలై 31న తీర్పు వచ్చింది. 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష పడ్డాయి, 123 మంది నిర్దోషులయ్యారు. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు శిక్షపడిన వారందరినీ నిర్దోషులుగా విడుదల చేసింది. హత్యలు ఎప్పుడు, ఎక్కడ, ఎవరి చేతుల్లో జరిగాయో ప్రాసిక్యూషన్ రుజువు చేయలేకపోయిందని చెప్పింది. అదే ఏడాది జూలైలో సుప్రీంకోర్టు ఆ తీర్పు మీద స్టే ఇచ్చింది. ఎవరు దోషులో తేల్చడం నా పని కాదు, ఏ డాక్యుమెంటరీ పనీ కాదు.

నా బాధ వేరు. ఒకే సాక్ష్యాన్ని కింది కోర్టు నమ్మింది, పై కోర్టు నమ్మలేదు. కింది కోర్టు జడ్జి ఆ సాక్షిని కళ్లారా చూశారు. పై కోర్టుకు చేరింది టైపు చేసిన కాగితం. క్రాస్ ఎగ్జామినేషన్‌లో పదమూడేళ్ల నాటి గంటలు, నిమిషాలు అడిగినప్పుడు ఒక కూలి మనిషి ఎంతసేపు ఆగి జవాబిచ్చిందో, ఆగినప్పుడు ఎవరి వైపు చూసిందో కాగితానికి తెలియదు. సాక్షి తీరు గురించి జడ్జి నమోదు చేసే వీలు చట్టంలో ఉంది గానీ, ఒకటి రెండు వాక్యాల్లో ఎంత పడుతుంది? నేను రోజూ ఫుటేజీ చూసేవాణ్ని. మాటకూ మాటకూ మధ్య ఉన్న ఖాళీని కత్తిరిస్తే మనిషి అబద్ధం చెబుతున్నట్టు కనిపించవచ్చు, ఉంచితే భయపడుతున్నట్టు కనిపించవచ్చు.

మంత్రి గారూ, ఈ లోటును పూడ్చే చట్టం ఇప్పటికే ఉంది. 2015లో సవరించి 2016 జనవరి 26 నుంచి అమలు చేస్తున్న అత్యాచారాల నిరోధక చట్టంలోని 15ఏ సెక్షన్, పదో ఉపసెక్షన్ చదవండి. ఈ చట్టం కింది నేరాలకు సంబంధించిన ప్రొసీడింగులన్నిటినీ వీడియో రికార్డు చేయాలని అందులో ఉంది. వీలుంటే చేయవచ్చు అని కాదు, చేయాలి అని. మన రాష్ట్రంలో ఏయే ప్రత్యేక కోర్టుల్లో కెమెరాలు ఉన్నాయి, అవి పనిచేస్తున్నాయా, ఆ రికార్డింగులు ఎక్కడ, ఎంతకాలం భద్రపరుస్తున్నారు? ఈ లెక్క శాసనసభ ముందు పెట్టండి. కోర్టుల నిర్వహణ హైకోర్టు చేతిలో ఉందన్నది నిజమే. కానీ పరికరాలకు, సిబ్బందికి డబ్బు ఇవ్వాల్సింది మీ ప్రభుత్వం.

ఆ వీడియోలను రేపే మాలాంటి వాళ్ల చేతిలో పెట్టమని అడగడం లేదు. సాక్షి ముఖం ఫోన్లలో తిరిగితే మళ్లీ అదే వీధిలో బతకాల్సింది ఆమే. కేసు ఆఖరి మెట్టు దిగాక, సాక్షి ఒప్పుకున్న మేరకే, చూపే నిబంధనలు రాయించండి. పేర్లు, ముఖాలు దాచమంటే దాచాల్సిందే. డాక్యుమెంటరీ తీసేవాళ్లంతా ధర్మాత్ములని నేను చెప్పను. రెండు రోజులు ఊళ్లో తిరిగి, ఏడుస్తున్న తల్లిని దగ్గరగా చూపించి వెళ్లిపోయినవాళ్లను ఎరుగుదును.

చుండూరు విషయంలో మాత్రం కెమెరా ఇప్పుడే వెళ్లాలి. 1991లో ముప్పై ఏళ్లున్నవాళ్లు ఇప్పుడు అరవై దాటారు. సాక్ష్యం చెప్పినవాళ్లతో, రక్తక్షేత్రంలో తమవాళ్లను పూడ్చుకున్న కుటుంబాలతో, కేసు నడిపిన లాయర్లతో, కోర్టు గుమాస్తాలతో మాట్లాడించి రికార్డు చేయించండి. పదహారేళ్లు నిందితులుగా బతికి కింది కోర్టులోనే నిర్దోషులుగా బయటపడ్డ ఆ 123 మందిలో మాట్లాడడానికి ఒప్పుకున్నవారినీ వదలకూడదు. వాళ్లు లేకపోతే అది ప్రచార చిత్రం అవుతుంది. సుప్రీంకోర్టు తుది తీర్పు వచ్చేదాకా ఆ రికార్డింగులను సీలు వేసి ఉంచండి. పని మాత్రం సమాచార శాఖకు కాకుండా ఒక విశ్వవిద్యాలయానికి అప్పగించండి. ఆ శాఖ తీసే చిత్రంలో ముందు మీ ఫొటో వస్తుంది, తర్వాత ముఖ్యమంత్రి గారి ఫొటో వస్తుంది, ఊరు వచ్చేసరికి సమయం అయిపోతుంది.

విచారణ ఫైళ్లు, సాక్ష్యాల ప్రతులు, వస్తువుల జాబితాలు ఒక ప్రతి తీయించి రాష్ట్ర ప్రాచీన పత్రాల విభాగంలో పెట్టించమని కూడా హైకోర్టును కోరండి. కోర్టుల్లో పాత రికార్డులను ఏరి తొలగించే పద్ధతి ఉంది. ఈ కేసు ఆ ఏరివేతలో పోకూడదు.

రాబోయే శాసనసభ సమావేశాల్లో మీ జవాబు కోసం చూస్తుంటాను.

భవదీయుడు,
ఒక డాక్యుమెంటరీ ఎడిటర్