వార్షిక నివేదిక: బడిపిల్లలతో రాళ్లు, మట్టి ప్రయోగాలు

గౌరవ సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది బడుల్లో చేయించిన భూవిజ్ఞాన ప్రయోగాలన్నీ మన చుట్టుపక్కల దొరికే రాళ్లతో, మట్టితోనే సాగాయి. పెట్టెల్లో అమ్మే నమూనాలు కొనలేదు. కడప బండ, తాండూరు బండ, గ్రానైటు ముక్కలు బండల కొట్లో అడిగితే ఊరికే ఇస్తారు. మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్ అనే బరువైన ఖనిజం) ఒక్కటే తెప్పించాల్సి వచ్చింది. ఆ ఖర్చు మాత్రం దండగ కాదు.

ఒకే సైజు ముగ్గురాయి, పలుగురాయి చెరో చేతిలో పెడితే తేడా పిల్లలకు వెంటనే తెలుస్తుంది. లెక్క తేల్చడానికి 500 గ్రాముల స్ప్రింగ్ త్రాసు, నూలుదారం, బకెట్ నీళ్లు చాలు. 270 గ్రాముల ముగ్గురాయి నీళ్లలో వేలాడేటప్పుడు 210 చూపితే, తగ్గింది 60. 270ని 60తో భాగిస్తే 4.5, అంటే రాయి అంతే పరిమాణం నీళ్లకన్నా 4.5 రెట్లు బరువు. పలుగురాయికి 2.65 వస్తుంది. రాయి బకెట్ అడుక్కి తగిలినా, పగుళ్లలో గాలిబుడగలు నిలిచినా తగ్గుదల ఎక్కువ కనిపించి జవాబు చిన్నదవుతుంది. 50 గ్రాముల ముగ్గురాయి ముక్కకు నీళ్లలో తగ్గేది 11 గ్రాములే. 10 గ్రాములకో గీత ఉన్న త్రాసు మీద అంత తేడా చదవలేం. అందుకే 200 గ్రాములకు తక్కువ ముక్క వద్దు.

కడప, తాండూరు బండలు సున్నపురాళ్లు. మేకుతో గీకి, రాలిన పొడి మీద నిమ్మరసం వేసి భూతద్దంతో చూస్తే నురగ కనిపిస్తుంది. నున్నటి బండ మీదే వేస్తే పెద్దగా తెలియదు. గ్రానైటు కూడా పొంగిందని ఎవరైనా అంటే దానికి అంటుకున్న సిమెంటే కారణం, అప్పుడే పగిలిన ముఖం మీద మళ్లీ చేయించాలి. బాత్రూం యాసిడ్ పిల్లల చేతికి ఇవ్వొద్దు.

మట్టిని సీసాలో పొరలుగా విడదీసే ప్రయోగానికే ఎక్కువ ఓపిక కావాలి. నిటారు గోడల లీటరు సీసాలో మూడో వంతు జల్లించిన మట్టి, చెంచాడు బట్టల సోడా వేసి, మెడదాకా నీళ్లు పోసి 5 నిమిషాలు కుదపాలి. తర్వాత సీసా కదపకుండా ఉంచి, అడుగున పేరుకున్న పొర పైఅంచు దగ్గర నిమిషం తర్వాత ఇసుక గీత, 2 గంటలకు ఒండ్రు (ఇసుకకన్నా సన్నటి, బంకమట్టికన్నా ముతక రేణువులు) గీత, మర్నాడు బంకమట్టి గీత పెట్టాలి. మొదటి పీరియడ్‌లో మొదలుపెడితేనే 2 గంటల గీత బడివేళల్లో అందుతుంది. సోడా మానేసి బోరు నీళ్లు పోస్తే, వాటిలోని కాల్షియం వల్ల బంకమట్టి ముద్దకట్టి తొందరగా దిగి ఒండ్రులా కనిపిస్తుంది. నల్లరేగడి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది కాబట్టి దాని పొర మందాన్ని నేరుగా శాతంగా రాయకూడదు.

వచ్చే ఏడాది బెలూం గుహల సందర్శన ప్రతిపాదనలో ఉంది. ఈలోగా సభ్యులు తమ పొలం మట్టి కిలో చొప్పున, నీడన ఆరబెట్టి, ఊరి పేరు, తవ్విన లోతు రాసిన చీటీతో ఇవ్వగలరు.

కార్యవర్గం