మంత్రి గారూ, మా బంగారు బిళ్ళ ఎవరిదో తేల్చండి

గౌరవనీయులైన పురావస్తు శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. ఇది నా ఐదో అర్జీ. మొదటి నాలుగింటికీ రసీదులున్నాయి, జవాబులే లేవు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

నిరుడు తొలకరికి గౌతమి ఒడ్డున మా తోటలో కొబ్బరి మొక్కలకు గోతులు తీయిస్తుంటే ఒక బంగారు నాణెం బయటపడింది. దొరికింది నాకు కాదు, పార పట్టిన కూలీకి. "ఇదేంటండీ, సీసా మూతలా ఉంది" అంటూ తెచ్చి నా చేతిలో పెట్టాడు. నడుమ వరాహం, దాని మీద గొడుగు, చుట్టూ ఒక్కో అక్షరం విడివిడిగా గుద్దిన ముద్రలు. వెనక వైపు బొమ్మేమీ లేదు, ముందు వైపు పడిన దెబ్బలే బొడిపెల్లా తేలాయి. కంసాలి తూచి నాలుగు గ్రాముల పైచిలుకన్నాడు. ఆ సాయంత్రమే మండల ఆఫీసులో అప్పగించాం. వాళ్లిచ్చిన కాగితంలో "పసుపు రంగు లోహపు బిళ్ళ - 1" అని రాశారు.

ఫోటో చూసిన హిస్టరీ లెక్చరర్ ఒకాయన, 'శ్రీ రాజరాజ' అని చదవొచ్చు, రాజమహేంద్రవరం ఏలిన రాజరాజ నరేంద్రుడిది కావచ్చు అన్నారు. ఆయన నాణేల మీద ఏలుబడిలో ఎన్నో ఏడో కూడా వేసేవారట. మా ఖర్మ, పార దెబ్బ సరిగ్గా ఆ అంకె మీదే పడింది. ఇంకొకాయన నకిలీ అయినా కావచ్చన్నారు. ఫోటోతో తేలదని మాత్రం ఇద్దరూ ఒప్పుకున్నారు. అలాంటి నాణేలు ఆ కాలంలోనే సముద్రం దాటి బర్మా తీరంలోని అరకాన్ దాకా వెళ్లాయట. మాది ఇంకా మండల ఆఫీసు బీరువా దాటలేదు.

మీరు తేల్చకపోతే ఊరు తేల్చేసిందండి. లంకె బిందెలు దొరికాయనీ, ఒకటి అప్పగించి కుండెడు దాచామనీ! రాత్రుళ్లు ఎవరో వచ్చి తవ్విపోతున్నారు. పొద్దున్నే వెళ్తే కోసిన నిమ్మకాయలు, కుంకుమ, పడిపోయిన మొక్కలు. పదకొండు మొక్కలు పోయాయి. నాదైనా నయం. ఆ కూలీ కూతురికి సంబంధం కుదిరాక మగపెళ్లివారు కట్నం పెంచారు. "మీకు బంగారం దొరికిందటగా" అని. పెళ్లి ఆగిపోయింది. ఆ పిల్ల తల్లి మా గుమ్మంలోకి వస్తే నేను తలెత్తలేకపోతున్నాను.

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం మీకు నేను చెప్పాలా? నోటిఫికేషన్ వేసి, నాలుగు నుంచి ఆరు నెలల్లోపు విచారణ పెట్టాలి. ఆ నోటిఫికేషనే పడలేదు. హక్కుదారులెవరూ లేరని తేలితే దొరికినవాడికి ముప్పావు, భూమి యజమానికి పావు. నా పావు నాకొద్దు. అతని సంగతి చూడండి. అసలుదో నకిలీదో, ఎవరి కాలానిదో, దొరికింది ఒక్కటేనని కూడా ఒక కాగితం మీద రాసివ్వండి. ఊళ్లో అంటిస్తాను.

మొన్న వెళ్తే, బీరువా తాళం ఉన్న సారు ట్రాన్స్‌ఫర్ అయ్యారన్నారు. తాళం కూడా అయిందా అని అడిగితే కోపం వచ్చింది వాళ్లకి.

దయచేసి ఎవరినైనా పంపండి. తోటలోకి వచ్చే ముందు కబురు పెట్టమనండి, ఎక్కడపడితే అక్కడ గోతులున్నాయి.

ఇట్లు,
ఒక కొబ్బరి రైతు