మన తెలుగు సంఘం, మెల్‌బోర్న్: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, బతుకమ్మ, సంక్రాంతి ముగ్గులు, శనివారం తెలుగు బడి ఎప్పటిలాగే జరిగాయి. ఫొటోలు మీరు చూసే ఉంటారు కాబట్టి వాటి గురించి ఎక్కువ రాయడం లేదు. ఈ ఏడాది మనం కొత్తగా చేసింది ఒకటే. ఆగస్టులో ఒక శనివారం తెలుగు బడి పిల్లల్ని ఎమ్‌సీజీ (మెల్‌బోర్న్ క్రికెట్ గ్రౌండ్) స్టేడియం దగ్గరికి తీసుకెళ్లి, ఆస్ట్రేలియా ఫుట్‌బాల్‌కు మొదటి నియమాలు రాసినవాళ్లలో ఒకడైన టామ్ విల్స్ కథ చెప్పాం. కార్యదర్శిగా నాకు అన్నిటికన్నా తృప్తినిచ్చిన పని ఇదే.

మన పిల్లలు చాలామంది వారాంతాల్లో ఫుటీ, అంటే ఆ ఆస్ట్రేలియా ఫుట్‌బాల్, ఆడుతున్నారు. ఆ ఆట ఎలా మొదలైందని బడిలో అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. పెద్దలదీ అదే పరిస్థితి. అందుకే 2001లో స్టేడియం బయట పెట్టిన విల్స్ విగ్రహం దగ్గర అందర్నీ నిలబెట్టాం. బంతి కోసం పెనుగులాడే ఇద్దరు బడిపిల్లలు, వాళ్ల దగ్గర అంపైర్‌గా విల్స్. సన్నగా చినుకులు పడుతున్నాయి. ఒక చిన్నబాబు దిమ్మె మీద చెయ్యి పెట్టి "ఐసులా ఉంది ఆంటీ" అన్నాడు. కథ అక్కడే ఎత్తుకున్నాం.

విల్స్ 1835లో న్యూ సౌత్ వేల్స్‌లో పుట్టాడు. తండ్రి హొరేషియో గొర్రెల మందలు తోలుకుని విక్టోరియాలోని గ్రాంపియన్స్ కొండల వైపు వచ్చి స్థిరపడ్డాడు. అక్కడి జాబ్‌వుర్రుంగ్ అనే ఆదివాసుల పిల్లలతో ఆడుకుంటూ విల్స్ వాళ్ల భాష, పాటలు నేర్చేసుకున్నాడు. పద్నాలుగేళ్లకు ఇంగ్లండ్‌లోని రగ్బీ స్కూలుకు పంపితే అక్కడ క్రికెట్ కెప్టెన్ అయ్యాడు. 1856 చివర్లో తిరిగొచ్చాడు. చలికాలం క్రికెటర్లు ఊరికే కూర్చుంటే ఒళ్లు మొద్దుబారుతుంది, ఫుట్‌బాల్ క్లబ్బు పెట్టుకుని నియమాలు రాసుకుందాం అంటూ 1858 జులైలో ఒక పత్రికకు ఉత్తరం రాశాడు. ఆగస్టు 7న స్కాచ్ కాలేజీ, మెల్‌బోర్న్ గ్రామర్ స్కూలు పిల్లల మధ్య మ్యాచ్ మొదలైతే అంపైర్లలో అతనొకడు. జట్టుకు 40 మంది. మూడు శనివారాలు ఆడినా చెరో గోలుతో ఆట తేలలేదు. ఇది విని మన పిల్లలు పడీపడీ నవ్వారు. మరుసటి ఏడాది మే 17న విల్స్, మరో ముగ్గురు క్లబ్బు సభ్యులు హామర్స్‌లీ, థాంప్సన్, స్మిత్ కలిసి పరేడ్ హోటల్లో ఈ ఆటకు పది నియమాలు రాశారు. విక్టోరియా ఆదివాసులకు మార్న్‌గ్రూక్ అనే బంతాట ఉండేది. విల్స్ దాని నుంచి ఏమైనా తీసుకున్నాడా అన్నది చరిత్రకారుల మధ్య ఇప్పటికీ వాదనే. పిల్లలకు కూడా అలాగే చెప్పాం.

1861లో విల్స్ తండ్రితో కలిసి క్వీన్స్‌లాండ్ వెళ్లాడు. విల్స్ సామాన్ల కోసం బయటికెళ్లిన సమయంలో ఆదివాసులు శిబిరం మీద పడి తండ్రితో సహా 19 మందిని చంపారు. దానికి ప్రతీకారంగా తెల్లవాళ్లు ఎంతోమంది ఆదివాసులను చంపారు. అదే విల్స్ ఐదేళ్ల తర్వాత పశ్చిమ విక్టోరియా ఆదివాసుల క్రికెట్ జట్టుకు కోచ్ అయ్యాడు, 1866 బాక్సింగ్ డే (క్రిస్మస్ మర్నాడు) నాడు ఎమ్‌సీజీలో వాళ్లకు కెప్టెన్‌గా దిగాడు. "నాన్నను చంపినవాళ్లకు ఆట ఎందుకు నేర్పాడు?" అని ఒక పాప అడిగింది. వీళ్లు వేరే ప్రాంతం వాళ్లమ్మా, చంపింది వీళ్లు కాదు అన్నాం. పాప చాలాసేపు ఆలోచిస్తూ ఉండిపోయింది.

విల్స్ చివరి రోజుల గురించి పిల్లలకు చెప్పాలా వద్దా అని కమిటీలో గట్టిగానే వాదించుకున్నాం. చివరికి పెద్ద పిల్లలకు మాత్రం చెప్పాం. మద్యం, మనోవేదన కలిసి నలిపేశాయి, 1880 మే 2న మెల్‌బోర్న్ దగ్గరి హైడెల్‌బర్గ్‌లో 44 ఏళ్ల వయసులో తన ప్రాణం తానే తీసుకున్నాడు. వందేళ్ల దాకా ఆ సమాధి మీద పేరున్న రాయి కూడా లేదు.

తెల్లవారుజామున లేచి పులిహోర కలిపిన అక్కలకు, కార్లు నడిపిన అన్నలకు, రెండు వారాలు కూర్చుని కథను పిల్లల తెలుగులోకి మార్చిన బడి టీచరు గారికి, గొడుగులు తెచ్చిన తాతగారికి పేరుపేరునా కృతజ్ఞతలు. అయితే ఒక మాట చెప్పకుండా ఉండలేను. వాట్సాప్‌లో "వస్తాం" అన్నవాళ్లు ఇరవై మంది, పొద్దున్నే వచ్చినవాళ్లు ఐదుగురు. అంతమంది పిల్లల్ని రోడ్డు దాటించడానికి ఐదుగురు చాలరు. ఆ రోజు పడ్డ టెన్షన్ ఇప్పటికీ మర్చిపోలేదు. వాన పడితే తలదాచుకోవడానికి ఒక హాలు అడిగాం. సంబంధిత అధికారులకు ఆరు మెయిళ్లు పెడితే జవాబు కార్యక్రమం అయిపోయాక వచ్చింది.

లెక్కలు ఆడిట్ అయ్యాయి. కోశాధికారి గారి పట్టిక విడిగా జతచేశాం, సందేహాలుంటే వారిని అడగండి.

వచ్చే మే నెలలో పిల్లల్ని హైడెల్‌బర్గ్‌లో విల్స్ సమాధి దగ్గరికి తీసుకెళ్లాలని కమిటీ అనుకుంటోంది. నాలుగు కార్లు, పదిమంది పెద్దలు కావాలి. తప్పకుండా రాగలిగినవాళ్లే ఈ రోజు సమావేశం ముగిసేలోపు నా దగ్గర పేరు రాయించండి.

మీ కార్యదర్శి