ఐదు నిమిషాలు వద్దు, ఇరవై సెకన్లు చాలు

సంపాదకులకు నమస్కారం.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల స్కూళ్లలో, కాలేజీల్లో ప్రాజెక్టు అనగానే ఈమధ్య పిల్లలు యానిమేషన్ చేస్తామంటున్నారు. సంతోషమే. చిక్కల్లా మేష్టార్లు పెట్టే కొలత దగ్గరే. 'ఐదు నిమిషాల సినిమా తీసుకురండి' అంటూ నెల గడువిస్తారు. ఒక్కసారి లెక్క కట్టి చూడండి. సినిమా అంటే సెకనుకు 24 ఫ్రేములు, అంటే తెర మీద ఒకదాని వెంట ఒకటి పడే 24 నిశ్చల చిత్రాలు. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములు నిలబెడితే సెకనుకు 12 బొమ్మలతో సరిపెట్టుకోవచ్చు. అంత పొదుపు చేసినా ఐదు నిమిషాలకు 3,600 బొమ్మలు. బొమ్మకు పది నిమిషాలు వేసుకున్నా 600 గంటలు, నలుగురు పంచుకుంటే తలా 150. మధ్యలో యూనిట్ టెస్టులు ఉండనే ఉంటాయి. ఇక పిల్లలు చేసేదేముంది, ఎవరిదో వీడియో దించేసి పేర్లు మార్చి ఇచ్చేస్తారు.

అదే ఇరవై సెకన్లయితే 240 బొమ్మల జాగా. పాత్ర కదలకుండా నిలబడే చోట్లు, తిరిగి తిరిగి వాడుకునే నడకలు తీసేస్తే గీయాల్సినవి వందకు అటూ ఇటూ తేలతాయి. తలా పాతిక. నెలలో హాయిగా అయ్యే పని.

కథ కూడా ఆ కొలతకే ఉండాలి. ఒక పాత్ర, ఒక చోటు, ఒక సంగతి. తేలినీలాపురానికి వలస వచ్చే గూడబాతు చేపను పట్టింది, మింగబోయేసరికి చేప జారిపోయింది. చాలు, మూడు షాట్లలో అయిపోతుంది. ఏ4 కాగితం మీద ఆరు గళ్లు గీసి, కథను వరస బొమ్మల్లో చెప్పే స్టోరీబోర్డు వేయాలి, ప్రతి గడి కింద ఎన్ని సెకన్లో రాయాలి. ఆ గళ్లను ఫోన్‌తో ఫొటోలు తీసి, పిల్లల గొంతుతోనే మాటలూ చప్పుళ్లూ రికార్డు చేసి, ఎడిటింగ్ యాప్‌లో వరసగా పేర్చి చూస్తే దాన్నే యానిమాటిక్ అంటారు. అనవసరమైన షాటు ఇక్కడే దొరికిపోతుంది. నలభై బొమ్మలు గీశాక 'ఈ షాటు అక్కర్లేదు' అని తెలిస్తే పిల్లల మనసు విరిగిపోతుంది.

కథ పాత్ర జోలికి వెళ్లే ముందు కిందపడి ఎగిరే బంతిని గీయించండి. దీన్ని చిన్నచూపు చూడొద్దు. కాగితం మీద పైనుంచి కిందికి 16 సెంటీమీటర్ల గీత గీయండి. బంతిని మొదట పై కొసన, తర్వాత పైనుంచి 1, 4, 9, 16 సెంటీమీటర్ల దగ్గర వేయండి. కింద పడే వస్తువు వేగం ఇలాగే పెరుగుతుందని ఫిజిక్సు పాఠంలో ఉన్నదే. నేలను తాకాక 9 సెంటీమీటర్ల ఎత్తుకు మూడు బొమ్మల్లో లేస్తుంది, మూడింటిలో దిగుతుంది. తర్వాత 4 సెంటీమీటర్లకు రెండింటిలో లేచి రెండింటిలో దిగుతుంది. చివర 1 సెంటీమీటరు ఒకదాంట్లో లేచి ఒకదాంట్లో దిగుతుంది. అంతా కలిపి 17 బొమ్మలు, సెకనున్నర కూడా కాదు. పిల్లలు సాధారణంగా చేసే తప్పు బంతిని సమాన దూరాల్లో వేయడం. అప్పుడది పడుతున్నట్టుండదు, తాడు కట్టి దించుతున్నట్టుంటుంది. రెండో తప్పు, నేల తాకకముందే బంతిని నొక్కేయడం. నొక్కు తాకిన బొమ్మలో మాత్రమే ఉండాలి. అక్కడ కూడా ఎత్తు తగ్గినంత మేర వెడల్పు పెరగాలి, లేకపోతే గాలి పోయిన బంతి అయిపోతుంది.

మనిషి బొమ్మకు, ఛాతీకి తప్పెట కట్టుకుని ఎగిరే మన ఊళ్ల తప్పెటగుళ్ల ఆటను మించిన పాఠం లేదు. ఫోన్‌లో ఒక నిమిషం వీడియో తీసి, ఫ్రేము ఫ్రేముగా ఆపి చూపించండి. ఎగిరే ముందు ఆటగాడు మోకాళ్లు వంచి కిందికి కుంగుతాడు. ఆ కుంగడం గీయకపోతే బొమ్మ ఎగిరినట్టు కాదు, ఎవరో పైకి లాగినట్టుంటుంది. నేల మీద దిగి ఒళ్లు ఆగిపోయాక కూడా ఒంటిమీద వేలాడే కుచ్చులు ఇంకో రెండు మూడు బొమ్మల పాటు ఊగుతూనే ఉంటాయి. చెయ్యి తిరిగేది విల్లు వంపులో. రెండు కొసల మధ్య తిన్నగా గీత గీసి నడుమన చెయ్యి వేస్తే, ఆ ఒక్క బొమ్మలో చెయ్యి పొట్టిదైపోతుంది.

బొమ్మలు గజగజ వణకడానికి కారణం చాలాసార్లు గీత కాదు, కాగితం. ఆఫీసు పంచింగ్ మిషనుతో అన్ని కాగితాలకూ ఒకే చోట రెండు రంధ్రాలు వేసి, వాటిలో బిగువుగా పట్టే రెండు పుల్లలు అట్టమీద అంటించి, కాగితాలు అందులో తొడగాలి. ఇరవై కాగితాలు ఒకేసారి పంచ్ చేస్తే అడుగువి జరిగిపోతాయి, ఐదేసి చాలు. కింది కాగితం మీది బొమ్మ కనబడటానికి కిటికీ అద్దానికి ఆనించి గీసినా సరే.

గీయడం రాదనే పిల్లలకు కత్తిరింపు బొమ్మలు. పాత శుభలేఖల అట్ట దీనికి భేషుగ్గా ఉంటుంది, వంగదు, ఊరికే దొరుకుతుంది. భుజం, మోచెయ్యి, మోకాలు విడివిడిగా కత్తిరించి, దారం దూర్చి రెండు వైపులా ముడి వేయాలి. తోలుబొమ్మల కీళ్లు చూసినవాళ్లకు ఈ పని కొత్త కాదు. కీలు దగ్గర కొసలు గుండ్రంగా ఉండాలి, చదరంగా కోస్తే వంచినప్పుడు సందు కనబడుతుంది.

ఫొటోలు తీసేటప్పుడే సగం ప్రాజెక్టులు పాడవుతాయి. కిటికీ వెలుగు నమ్ముకుంటే మబ్బు కమ్మిన ప్రతిసారీ తెర మీద వెలుగు మిణుకుమంటుంది. కిటికీకి తెరలు వేసి, రెండు పక్కల నుంచి రెండు ఎల్‌ఈడీ బల్బులు పెట్టండి. ఫోన్‌ను కదలకుండా కట్టి, తెర మీద వేలు నొక్కిపట్టి ఫోకసు, వెలుగు రెండూ లాక్ చేయండి. షట్టర్ వేగం మార్చే వీలుంటే 1/50 సెకను పెట్టాలి, మన కరెంటు 50 హెర్ట్‌జ్ కాబట్టి చారలు పడవు. బటన్ చేత్తో నొక్కకుండా రెండు సెకన్ల టైమరు వాడాలి. తెల్ల యూనిఫాం చొక్కాతో బల్ల మీదికి వంగితే ఆ తెలుపు బొమ్మ మీద పడి ఒక ఫ్రేము వెలుగు, ఒక ఫ్రేము చీకటి. ముదురు రంగు చొక్కా వేసుకోమనండి. మర్చిపోకుండా సీలింగ్ ఫ్యాను కట్టేయించండి, ఉక్కపోత తప్పదు.

మాటలుంటే గొంతు ముందు, బొమ్మ తర్వాత. ప, బ, మ దగ్గర పెదవులు మూసుకోవాలి, 'ఆ' అనే చోట నోరు తెరుచుకోవాలి, 'ఊ' అనే చోట గుండ్రం కావాలి. ఇలా ఐదారు నోళ్లు గీసుకుంటే చాలు. 'బావా, ఏటయ్యింది' అని మన యాసలోనే పలకనివ్వండి, పుస్తకాల భాష పలికించి పిల్లల గొంతు బిగదీయొద్దు.

కంప్యూటర్‌లో యానిమేషన్ చేసే సాఫ్ట్‌వేర్ల మాటకొస్తే, ల్యాబు పాతదైతే పెన్సిల్2డి, కాస్త మెరుగైతే క్రిటా, ఓపెన్‌టూన్జ్. అన్నీ ఉచితమే. త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ కూడా ఉచితమే కానీ ఈ మొదటి ప్రాజెక్టుకు అది పెద్ద బరువు. ఫొటోల పేర్లు 1, 2, 10 అని పెడితే కొన్ని సాఫ్ట్‌వేర్లు 1 తర్వాత 10 తెచ్చి పెడతాయి, 001, 002 అని పెట్టాలి.

మార్కుల మాట. సినిమాకు సగం, మిగతా సగం స్టోరీబోర్డుకూ, ఏ బొమ్మ ఎన్ని ఫ్రేములో రాసిన పట్టికకూ, 17 బొమ్మల బంతికీ వేయండి. అవి ఎవరిదో వీడియోలోంచి దించుకోలేరు. సైన్స్ ఫెయిర్ నిర్వాహకులు కూడా నిడివి పరిమితి ఇరవై సెకన్లని నిబంధనల్లోనే రాస్తే మేష్టార్లకూ ఊరట. ప్రదర్శనకు ముందు రోజే సినిమా ఎంపీ4 ఫైలును అక్కడి టీవీలో ఆడించి చూసుకోమనండి, ఇంకో కాపీ వేరే పెన్‌డ్రైవ్‌లో ఉంచమనండి.

– యానిమేషన్ బోధకులు, విజయనగరం