రిపోర్టులు నార్మలే, నొప్పీ నిజమే

చిన్నీ,

"టెస్టులన్నీ నార్మల్. స్ట్రెస్ అంతే అన్నారమ్మా డాక్టరు. అంటే నేను నాటకాలాడుతున్నానా?" అని ఫోన్లో అన్నావు చూడు, ఆ మాట మనసులో నిలబడిపోయింది. అప్పుడు కోపంగా ఉన్నావని ఏమీ అనలేదు. ఫోన్లో నువ్వు నన్ను ఎలాగూ మాట పూర్తి చెయ్యనివ్వవు. అందుకే రాస్తున్నాను.

ల్యాబ్‌లో పనిచేసినన్నాళ్లూ ఇది చూస్తూనే వచ్చాను. నార్మల్ రిపోర్టు చేతికిస్తే సంతోషించాల్సింది పోయి కొందరు డీలా పడిపోయేవాళ్లు. రోగానికి ఒక పేరంటూ దొరికితే ఇంట్లోవాళ్లైనా నమ్ముతారని వాళ్ల ఆశ. కానీ మేం రక్తంలో కొలిచేవి కొన్నే. రక్తం తీసిన ఆ నిమిషానికి షుగర్ ఎంత, హిమోగ్లోబిన్ ఎంత, థైరాయిడ్ ఎలా ఉంది అని చెప్పగలం. రోజంతా ఏ కండరం ఎంతసేపు బిగుసుకుపోయి ఉందో ఆ కాగితంలో రాదు.

ఇది చదువుతూనే ఒక పని చెయ్యి. రెండు కణతల మీద వేళ్లు పెట్టుకుని పళ్లు గట్టిగా బిగించు. వేళ్ల కింద ఏదో ఉబ్బింది కదా? అది దవడను పైకి లాగే కండరం. నుదుటి పక్కన ఉంటుంది గానీ దాని పని నమలడం. నమిలేటప్పుడూ మింగేటప్పుడూ తప్ప పై పళ్లూ కింది పళ్లూ తగులుకోకూడదు. పెదాలు మూసుకున్నా లోపల పళ్ల మధ్య కాస్త సందు ఉండాలి. టెన్షన్‌లో ఉన్నప్పుడు మనకు తెలియకుండానే బిగించేస్తాం. కొందరైతే నిద్రలో పళ్లు కొరుకుతారు. పొద్దున లేవగానే దవడ పట్టేసినట్టుంటుందని, సాయంత్రానికి తల చుట్టూ పట్టీ బిగించినట్టుంటుందని చెప్పావే, నా అనుమానం దీనిమీదే. డాక్టరుతో తలనొప్పి గురించి చెప్పావు సరే, దవడ గురించి చెప్పావా? పళ్లు అరిగి ఉంటే పళ్ల డాక్టరు ఇట్టే పట్టేస్తారు.

ఇక గుండె దడ. కంగారు పుట్టగానే మూత్రపిండాల పైన ఉండే అడ్రినల్ గ్రంథులు సెకన్లలో అడ్రినలిన్ అనే హార్మోన్ వదులుతాయి. గుండె వేగం అందుకుంటుంది, కాలేయం దాచుకున్న చక్కెరను రక్తంలోకి వదులుతుంది, కండరాలకు రక్తం ఎక్కువగా పారుతుంది. కాసేపటికి ఆ గ్రంథుల నుంచే వచ్చే కార్టిసాల్ అనే ఇంకో హార్మోన్ కూడా పెరుగుతుంది. పారిపోవడానికో తిరగబడటానికో ఒళ్లంతా సిద్ధమన్నమాట. నిజంగా పరిగెత్తే పని ఉంటే ఇది వరమే. రాత్రి పదకొండింటికి మీ మేనేజర్ మెసేజ్ మోగినా ఒంట్లో ఇదే హడావుడి. నువ్వేమో మంచం మీద కదలకుండా పడుకుని ఉంటావు. కార్టిసాల్ మామూలుగా పొద్దున లేచే వేళకు ఎక్కువగా ఉండి, అర్ధరాత్రికి బాగా తగ్గిపోవాలి. తగ్గాల్సిన వేళ కొత్త కంగారు నెత్తికెత్తుకుంటే నిద్ర ఎక్కడ పడుతుంది?

కడుపులో ఇంకో తమాషా. టెన్షన్‌లో జీర్ణాశయం ఖాళీ కావడం నెమ్మదిస్తుంది, పెద్దపేగు మాత్రం తొందరపడుతుంది. అందుకే తిన్నది అరగనట్టు బరువుగానూ ఉంటుంది, మీటింగుకు ముందు బాత్రూమ్‌కు పరిగెత్తాల్సీ వస్తుంది. రెండూ ఒకేసారి ఎలా కుదురుతాయని అడిగావు కదా, ఇలా.

"అంతా నీ మనసులోనే" అనేవాళ్లకు చెప్పడానికి నాకు బాగా నచ్చిన ప్రయోగం ఒకటుంది. అమెరికాలోని ఒహాయో స్టేట్ యూనివర్సిటీ వాళ్లు 1998లో ప్రచురించారు. 11 మంది డెంటల్ విద్యార్థుల అంగిట్లో 3.5 మిల్లీమీటర్ల చిన్న గాయం చేశారు. ఒకసారి వేసవి సెలవుల్లో, ఇంకోసారి పెద్ద పరీక్షకు 3 రోజుల ముందు. మనిషి అదే, గాయమూ అంతే. పరీక్షల ముందు చేసింది మానడానికి సగటున 3 రోజులు, అంటే 40 శాతం, ఎక్కువ పట్టింది. 11 మంది అంటే చిన్న లెక్కే, కాదనను. కానీ వాళ్లలో ఒక్కరికి కూడా సెలవుల్లో మానినంత త్వరగా పరీక్షలప్పుడు మానలేదు. అంగిట్లో పుండుకు నాటకాలు చేతకావు కదా!

అలాగని ప్రతిదాన్నీ స్ట్రెస్ ఖాతాలో వేసెయ్యకు. ఒకప్పుడు కడుపులో అల్సర్లు టెన్షన్ వల్లే వస్తాయని డాక్టర్లే గట్టిగా నమ్మేవారు. ఆస్ట్రేలియాలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ హెలికోబాక్టర్ పైలోరి అనే బాక్టీరియాను పట్టుకుని చూపించినా చాలామంది కొట్టిపారేశారు. 1984లో మార్షల్ ఆ బాక్టీరియాను తానే తాగేసి కడుపులో వాపు తెచ్చుకున్నాడు. 2005లో ఇద్దరికీ నోబెల్ ఇచ్చారు. యాంటీబయాటిక్స్‌తో తగ్గే జబ్బుకు అన్నేళ్లూ "ప్రశాంతంగా ఉండు" అని చెప్పి ఎంతమందిని పంపించేశారో!

కాబట్టి ఛాతీలో నొక్కినట్టు నొప్పి వచ్చినా, కారణం లేకుండా బరువు తగ్గినా, మలంలో రక్తం కనిపించినా, ఎన్నడూ లేనంత తలనొప్పి ఉన్నట్టుండి వచ్చినా ఆలస్యం చెయ్యకుండా డాక్టరు దగ్గరికి వెళ్లు. పాత రిపోర్టు నార్మల్ కదా అని కూర్చోవద్దు. తలనొప్పి మాత్రలు కూడా లెక్కపెట్టుకో. నెలలో సగం రోజులు వేసుకుంటూ పోతే ఆ మాత్రలే తలనొప్పి తెచ్చిపెడతాయి.

"టెన్షన్ పడకు" అని మాత్రం రాయను. ఆ మాట విని టెన్షన్ తగ్గినవాళ్లు నాకింతవరకూ తగల్లేదు. లండన్‌లో ప్రభుత్వ ఉద్యోగుల మీద 1967లో వైట్‌హాల్ అధ్యయనం మొదలుపెట్టారు. పెద్ద కుర్చీల్లో ఉన్నవాళ్లకే గుండెజబ్బులు ఎక్కువని అందరి నమ్మకం. తీరా చూస్తే కింది మెట్టు ఉద్యోగులే ఎక్కువగా పోయారు. పొగతాగడం లాంటివి లెక్కలోకి తీసుకున్నా ఆ తేడా పూర్తిగా చెరిగిపోలేదు. తర్వాత చేసిన రెండో అధ్యయనంలో, తమ పని ఎలా చెయ్యాలో తమ చేతిలో లేనివాళ్లకు గుండెజబ్బు ముప్పు ఎక్కువగా కనిపించింది.

ఊపిరి నెమ్మదిగా వదలడం మంచిదే, చెయ్యి. వదిలేటప్పుడు నాడి నెమ్మదించడం మణికట్టు మీద వేలు పెట్టుకుంటే నీకే తెలుస్తుంది. కానీ దానికన్నా ముందు, నీ పని కాస్తయినా నీ చేతిలో ఉండేలా, ఆ రాత్రి మెసేజ్‌ల సంగతి తేల్చుకోవాలంటాను. మేనేజర్‌తో పోట్లాడమనడం లేదు. రాత్రి వచ్చినవాటికి పొద్దున తొమ్మిదికి జవాబిస్తానని మర్యాదగా ఒక్క మాట రాసి పంపు. ఒప్పుకోకపోతే అప్పుడు కూర్చుని ఆలోచిద్దాం, ఉద్యోగం మారే విషయంతో సహా. నాన్నతో మాట్లాడాను, ఆయనా సరేనన్నారు.

పళ్ల డాక్టరు దగ్గరికి ఎప్పుడు వెళ్తున్నావో చెప్పు. ఈలోగా తలనొప్పి ఏ టైముకు మొదలైందో, మాత్ర వేసుకున్నావో లేదో రోజూ ఒక కాగితం మీద రాసిపెట్టుకో. డాక్టరుకు చూపించు, ఫోటో తీసి నాకూ పంపు.

అమ్మ