మన సోంపేటలో మంచు ఎక్కడిది?

సంపాదకులు గారికి నమస్కారం.

గత ఆదివారం మీ అనుబంధంలో, అన్నం మానేసి బరువు తగ్గే పద్ధతి గురించి రాస్తూ, దానికి పేరు తెచ్చిన అమెరికా గుండె వైద్యుడు రాబర్ట్ అట్కిన్స్‌ను ‘తన ఆహారమే పొట్టన పెట్టుకుంది’ అని తేల్చేశారు. అది తప్పు. 2003 ఏప్రిల్ 8న న్యూయార్క్‌లో మంచు పేరుకున్న కాలిబాట మీద జారి పడి, తలకు దెబ్బ తగిలి, తొమ్మిది రోజులకు ఆయన కన్నుమూశారు. అప్పటికి 72 ఏళ్లు. అంతకు ముందు ఏడాది గుండె ఆగి బతికి బయటపడ్డ మాట నిజమే, దాని మీద వాదోపవాదాలు జరిగిన మాటా నిజమే.

ఆయనను వెనకేసుకు రావడం నా ఉద్దేశం కాదు. 1972 నాటి ఆయన పుస్తకాన్ని మరుసటి ఏడాదే అమెరికన్ మెడికల్ అసోసియేషన్ తప్పుపట్టింది. 2000లో ముసలితనాన్ని కూడా ఆహారంతో వెనక్కి నెట్టవచ్చని మరో పుస్తకం రాశారు. ఆయన పెట్టిన కంపెనీ 2005లో దివాలా పిటిషన్ వేసింది. ఆయన పోయిన మరుసటి నెలలో 63 మంది స్థూలకాయులపై జరిపిన అధ్యయనం ఒకటి వెలువడింది: ఆరు నెలల దాకా ఈ పద్ధతివాళ్లే ఎక్కువ తగ్గారు, ఏడాది తిరిగేసరికి చెప్పుకోదగ్గ తేడా లేదు. రాయవలసినవి ఇన్ని ఉండగా ఆ చావు కబురెందుకు?

నా బాధ వేరే. మా బావమరిదికి కవిటిలో కొబ్బరి వ్యాపారం. సంక్రాంతి తర్వాత అన్నం మానేసి, పూటకు నాలుగు గుడ్లు, రాత్రి కోడికూర మొదలుపెట్టాడు. తొమ్మిది కిలోలు తగ్గాడు. మేకు కాల్చి బెల్టుకు రెండు కొత్త చిల్లులు పెట్టుకుని అందరికీ చూపించాడు. ఎండాకాలంలో కాళ్లు వాచాయి. చీలమండ పైన వేలితో నొక్కితే గుంట అలాగే నిలిచిపోయింది. మూత్రపిండాల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 2.1 వచ్చింది, ఉండవలసినదానికన్నా ఎక్కువ. మూత్రపిండాల జబ్బులకు పేరుపడ్డ మా ఉద్దానంలో ఆ మాట అర్థం కాని ఇల్లు లేదు. జబ్బు ముందే ఉండి ఉంటుందనీ, మాంసం మాత్రం తగ్గించమనీ డాక్టరు అన్నారు. తిండి వల్లే వచ్చిందని నేనూ అనను. ముప్పై ఒక్క ఏళ్లు జీవశాస్త్రం చెప్పినవాణ్ణి, అంత తొందరపడను.

మీ వ్యాసం చదివి ఫోనులో ఏవో వెతికి, సోమవారం పొద్దున్నే ఇంటికి వచ్చాడు. “చూశారా బావగారూ, ఆయన మంచు మీద జారి పోయారట. పేపరువాళ్లవన్నీ అబద్ధాలే. మన సోంపేటలో మంచు ఎక్కడిది?” అని, మళ్లీ గుడ్లకు కబురు పెట్టాడు.

తీవ్రమైన మూత్రపిండాల జబ్బు ఉన్నవారు దీని జోలికి పోవద్దని అట్కిన్సే తన పుస్తకంలో హెచ్చరించారు. ఆ ఒక్క వాక్యానికి మీ వ్యాసంలో చోటు లేకపోయింది, కోడి వేపుడు ఫొటోకు పావు పేజీ దొరికింది. సవరణ వేసేటప్పుడు ఆ వాక్యాన్ని కూడా మా జిల్లా పేజీలో, కాస్త పెద్ద అక్షరాలతో వేయండి. మా వాడికి కళ్లజోడు పెట్టుకునే అలవాటు లేదు.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
సోంపేట, శ్రీకాకుళం జిల్లా